నా అనుభవం: తెలుగు వెబ్‌ఫాంట్ బరువు తగ్గించడం, ఒత్తులు చెదరకుండా

నోటో సాన్స్ తెలుగు వేరియబుల్ ఫైలును దించుకుని అలాగే సర్వర్‌కి ఎక్కించడం దండగ. అందులో 100 నుంచి 900 దాకా అన్ని మందాలూ ఉంటాయి, వెడల్పు మార్చే అక్షం అదనం. మామూలు వార్తల సైటుకో, బడి సైటుకో కావాల్సింది 400, 700, మహా అయితే వాటి మధ్యవి. ఫోనులో డేటా లెక్క చూసుకుంటూ చదివేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ పని మీద కాస్త సమయం పెట్టడం నాకు ముఖ్యమనిపిస్తుంది.

ఫాంట్ తగ్గించాలనగానే అందరి చూపూ ముందు అక్షరాల మీద పడుతుంది. ఙ ఎవరు రాస్తారు, ౠ ఎందుకు, తీసేద్దాం అంటారు. నేను తెలుగు బ్లాకు జోలికి పోను. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చినవి మొత్తం 128 స్థానాలే. బరువంతా ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాల కోసం గీసిన గ్లిఫుల్లో, అంటే అక్షరాల బొమ్మల్లో, ఉంటుంది. రెండు అక్షరాలు తీసేస్తే మిగిలేది అంతంతమాత్రం. రేపు ఎవరైనా ‘వాఙ్మయం’ అని రాస్తే మాత్రం ఆ ముక్క ఒక్కటీ వేరే ఫాంట్‌లో, వేరే మందంలో తేలుతుంది. కోయాల్సింది వాడని మందాలను, వెడల్పు అక్షాన్ని, తెలుగు పేజీకి అక్కర్లేని లాటిన్ అక్షరాలను.

పనిముట్టు ఫాంట్‌టూల్స్. పైథాన్ ఉంటే పిప్‌తో వస్తుంది. దాంతోపాటు బ్రోట్లీ మాడ్యూల్ కూడా పెట్టుకోవాలి, అది లేకపోతే వాఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంట్ ఫైలు) రాసే దగ్గర ఆగిపోతుంది. ముందు అందులోని ఇన్‌స్టాన్సర్ కమాండ్‌తో వెడల్పును 100 దగ్గర కట్టేసి, మందాన్ని 400 నుంచి 700కి కుదిస్తాను. ఆ ఫైలు పేరులో చదరపు బ్రాకెట్లు ఉంటాయి. పేరును కొటేషన్లలో పెట్టకపోతే టెర్మినల్‌లోని జీషెల్ దాన్ని నమూనా అనుకుని, అలాంటి ఫైలే లేదంటుంది. పని మొదలుపెట్టేముందే మామూలు పేరు పెట్టుకుంటే హాయి.

తర్వాత, కావాల్సిన అక్షరాలనే ఉంచే సబ్‌సెట్ కమాండ్. దానికిచ్చే జాబితాలో తెలుగు బ్లాకు మొత్తం, ఖాళీ, అంకెలు, విరామచిహ్నాలు, ₹, ఏకదండం, ద్విదండం, చుక్కల వలయం, రెండు జీరో విడ్త్ జాయినర్లు (అక్షరాలను కలిపే జాయినర్, విడదీసే నాన్ జాయినర్ అనే కనబడని గుర్తులు) ఉండాలి. చివరి మూడింటినీ మరిచిపోవడం మామూలే. ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు పక్కన నిలబడాలంటే నాన్ జాయినర్ కావాలి, లేకపోతే వ ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది. పాత పుస్తకాల పాఠం పెట్టే సైట్లలో వలపలగిలక (ర్‌కు బదులు అక్షరం పక్కన వేసే పాత గుర్తు) రావాలంటే ర, పొల్లు తర్వాత జాయినర్ పడాలి. చుక్కల వలయం ఒంటరి గుణింతం గుర్తు పక్కన కనిపించేది. పాఠంలో అక్షరం ఎక్కడ తప్పిపోయిందో అదే పట్టిస్తుంది. గూగుల్ ఫాంట్స్ కూడా తెలుగు ముక్కను ఈ మూడింటితో కలిపే ఇస్తుంది.

ఫాంట్‌టూల్స్ మనం ఇచ్చిన అక్షరాలతో ఆగదు. హల్లు, పొల్లు రెండూ జాబితాలో ఉంటే వాటి నుంచి పుట్టే ఒత్తుల గ్లిఫులను కూడా తానే వెతికి ఉంచుతుంది. కొన్ని ఆన్‌లైన్ కన్వర్టర్లు ఈ పని చేయవు. అక్షరాల బొమ్మలు మిగులుతాయి, వాటిని కలిపే పట్టిక పోతుంది. అప్పుడు ‘స్త్రీ’ మూడు ముక్కలై పొల్లులతో కనిపిస్తుంది. పేజీలో వాడిన అక్షరాల జాబితాను స్క్రిప్టుతో తీసి ఇచ్చేటప్పుడు పొల్లు జారిపోయినా ఒత్తులన్నీ పోతాయి.

వాఫ్2 చేయకముందు టీటీఎఫ్‌గానే ఒక ప్రతి తీసి అక్షరాలను కలిపి అమర్చే హార్ఫ్‌బజ్ పనిముట్లతో చూస్తాను. షేప్ అనే కమాండ్ గ్లిఫుల వరుస ఇస్తుంది, వ్యూ అనేది బొమ్మ గీస్తుంది. సబ్‌సెట్ చేశాక గ్లిఫుల నంబర్లు మారిపోతాయి, పేర్లు కూడా సాధారణంగా తీసేస్తుంది. కాబట్టి రెండు ఫైళ్ల వరుసలను పక్కపక్కన పెట్టినా పోలిక కుదరదు. వరుసలో సున్నా నంబరు గ్లిఫు ఉందేమో వెతకాలి, ఉంటే ఏదో తప్పిపోయినట్టే. మిగతాది బొమ్మల్లో కంటితో పోల్చాలి. నా పరీక్ష మాటలు: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, అర్ఘ్యం, ఉష్ణోగ్రత, వాఙ్మయం, దుఃఖం, హృదయం, సాఫ్ట్‌వేర్, ఱంపం, ౘ, ౙ, ౦ నుంచి ౯ దాకా అంకెలు.

ఇక సీఎస్ఎస్. ఫాంట్‌ను పేజీకి పరిచయం చేసే ఫాంట్‌ఫేస్ నియమంలో ఫాంట్ వెయిట్ దగ్గర 400, 700 రెండు అంకెలూ రాయాలి. రాయకపోతే బ్రౌజర్ దాన్ని 400 ఫాంట్‌గానే లెక్కేసి, బోల్డ్‌ను తానే కృత్రిమంగా లావు చేయొచ్చు. తెలుగు లిపి నిండా గుండ్రాలే కనుక చిన్న సైజులో లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. యూనికోడ్ రేంజ్ (ఏయే అక్షరాలకు ఈ ఫాంట్ వాడాలో చెప్పే వరుస) రాస్తే అందులోనూ జాయినర్లు ఉండాలి.

ఫ్యామిలీకి అసలు పేరు పెట్టను, సైటు పేరుతో కొత్తది పెడతాను. దీనికి రెండు కారణాలు. మన కంప్యూటర్‌లో అసలు ఫాంట్ ఇన్‌స్టాల్ అయి ఉంటే, ఫాంట్‌ఫేస్ నియమం పేజీకి చేరకపోయినా పేజీ అదే పేరుతో బాగానే కనిపిస్తుంది, లోపం తెలియదు. ఇక ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ప్రకారం, పేరు రిజర్వ్ చేసిన ఫాంట్‌ను మార్చి పంచితే పాత పేరు వాడకూడదు. సబ్‌సెట్ కూడా మార్పు కిందికే వస్తుంది. ఆ సందర్భంలో ఫైలు లోపలి పేరు కూడా మార్చాలి, సీఎస్ఎస్‌లో మారిస్తే చాలదు. లైసెన్స్ ఫైలు ఒకసారి తెరిచి చూడండి.

ఏ ఫాంట్ పడిందో క్రోమ్ చెబుతుంది. డెవ్‌టూల్స్‌లో కంప్యూటెడ్ ట్యాబు అడుగున రెండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. అక్కడ నెట్‌వర్క్ నుంచి వచ్చిందా, లోకల్ ఫైలా అన్నదీ, ఎన్ని గ్లిఫులన్నదీ కనిపిస్తాయి. ఒకే తెలుగు పేరాలో విండోస్ సొంత ఫాంట్ నిర్మలా యూఐ కూడా కనిపిస్తే అక్షరమేదో తప్పిపోయిందన్నమాట. నెట్‌వర్క్ ట్యాబులో డిసేబుల్ క్యాష్ టిక్ పెట్టి చూడాలి, లేకపోతే పాత ఫైలునే చూస్తూ కూర్చుంటాం.

ఫాంట్‌ను ముందుగానే దించమని ప్రీలోడ్ చేస్తే క్రాస్ ఆరిజిన్ గుణం తప్పనిసరి, ఫాంట్ మన డొమైన్‌లోనే ఉన్నా సరే. లేకపోతే ఫాంట్ రెండుసార్లు దిగుతుంది, ఇంత కష్టపడి తగ్గించినదంతా వృథా. వేరే డొమైన్‌లో పెడితే ఆ సర్వర్ అనుమతి హెడర్ పంపాలి.

చివరగా లైన్ హైట్. ఇంగ్లిష్ థీములు ఇచ్చే 1.2 తెలుగుకు చాలదు, పై వరుస ఒత్తు కింది వరుస గుడిదీర్ఘానికి తగులుతుంది. నేను పేరాలకు 1.7, శీర్షికలకు 1.4 పెడతాను. బటన్లకు ఎత్తు పిక్సెళ్లలో కట్టేసి ఓవర్‌ఫ్లో దాచిన చోట్లన్నీ వెతికి తీసేస్తాను, ‘రాష్ట్రం’ అడుగు తెగేది అక్కడే. లెటర్ స్పేసింగ్ సున్నా.