నీలి తెర నాది, తప్పు ఎవరిది?

పొద్దున్నే లాప్‌టాప్ చూస్తే నీలి తెర. రీస్టార్ట్ చేశాను, మళ్లీ అదే. రెండు మూడుసార్లయ్యాక విండోస్ తనే రిపేర్ మోడ్‌లోకి వెళ్లి కూర్చుంది. రాత్రి నేను చేసిందల్లా ఛార్జింగ్ పెట్టి పడుకోవడమే.

అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌కి వెళ్దామంటే, డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ తన రికవరీ కీ అడిగింది. 48 అంకెలట! డిస్క్‌కి తాళం వేసి ఉందన్న సంగతే అప్పటిదాకా నాకు తెలీదు. వెతగ్గా వెతగ్గా నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కనిపించింది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. ఫోన్‌లో చూసి కొడుతూ ఐదో గుంపులో ఒక అంకె తప్పాను.

లాప్‌టాప్ కంపెనీ వాళ్లు హార్డ్‌వేర్ బాగానే ఉందని ఫోన్ పెట్టేశారు. నేను డబ్బు కట్టి వాడుతున్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వాళ్లేమో, "విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి సార్" అన్నారు.

చిరాకులో తీసిన ఫొటో గుర్తొచ్చి ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. నీలి తెర మీద స్టాప్ కోడ్ (ఎర్రర్ పేరు) పక్కనే, ఏది విఫలమైందో చెప్పే వరుసలో ఒక డ్రైవర్ ఫైల్ పేరుంది. అది ఆ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌దే. సేఫ్ మోడ్‌లో ఆ ఫైల్ పేరు మార్చాక మామూలుగా ఆన్ అయింది. ఎప్పుడేం జరిగిందో విండోస్ రాసి పెట్టే రిలయబిలిటీ మానిటర్ తెరిస్తే ఇంకా స్పష్టంగా ఉంది: రాత్రి 2:10కి దాని అప్‌డేట్, 2:14కి మొదటి ఎర్ర గుర్తు.

అలాంటి డ్రైవర్లు విండోస్ లోలోపలి భాగమైన కెర్నెల్‌లో పనిచేస్తాయి. అక్కడ తప్పు జరిగితే డేటా పాడవకుండా విండోస్ మొత్తం ఆగిపోతుంది. "అంత లోపలికి రానిచ్చింది విండోసే కదా" అన్నాడు మా ఫ్రెండ్. కొంత నిజమే. కానీ పరీక్షించకుండా పంపినవాళ్లని వదిలేసి తలుపు తీసినవాళ్లని పట్టుకోవడం నాకు నచ్చలేదు. (ఇన్‌స్టాల్ నొక్కింది నేనే అనుకోండి.)

ఫొటో, మినీడంప్ ఫైలు (ఆగిపోయినప్పుడు విండోస్ దాచే రికార్డు), ఆ రెండు టైములు కలిపి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వాళ్లకి మెయిల్ చేశాక నాలుగో రోజుకి మాట మారింది: లోపం తమ అప్‌డేట్‌లోనే ఉందట. మరి పోయిన రెండు పనిదినాల సంగతి? లైసెన్స్ ఒప్పందం చూపించారు. సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నామని, ఏం జరిగినా నేను కట్టిన డబ్బుకి మించి బాధ్యత లేదని అందులో ఉంది. చదవకుండానే ఒప్పుకున్నాను.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ అప్‌డేట్‌ని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా బాగుచేయాల్సొచ్చింది. నష్టపరిహారం కోసం డెల్టా ఎయిర్‌లైన్స్ కోర్టుకెళ్లింది. అంత పెద్ద సంస్థకే కోర్టు తప్పలేదు, ఇక నేనెంత?

చివరికి నా సబ్‌స్క్రిప్షన్ మూడు నెలలు పొడిగించారు. అప్పటికే ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాను. 48 అంకెలు రాసుకున్న కాగితం మాత్రం బీరువాలో ఉంది.