చేపల వెన్ను, మా తాత నడుము

నార్వేలోని బెర్గెన్‌లో నేను చేసే పని ఊళ్లో చెప్తే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. సాల్మన్ చేపలకు ఎక్స్‌రేలు తీస్తాను. రకరకాల మేత పెట్టి పెంచిన చేపలకు మత్తుమందు మోతాదు పెంచి ఇచ్చి చంపుతాం. తూచి, కొలిచి, వరసగా పరిచి ఎక్స్‌రే తీస్తాం. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వెన్నుపూసలు లెక్కపెట్టడమే. ఒక్కో చేపకు 58, 59 ఉంటాయి. రెండు పూసలు అతుక్కున్నాయా, ఒకటి నలిగిందా, తోక దగ్గర వంకర తిరిగిందా, అన్నీ రాసుకోవాలి. సాయంత్రం నాలుగింటికల్లా ఆఫీసు ఖాళీ. చేప నూనె వాసన మాత్రం జాకెట్‌తో పాటే బస్సెక్కుతుంది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా వైపు వంగిన వెన్ను చూడ్డానికి ఎక్స్‌రే అక్కర్లేదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి తాగి మా తాత నడుము, మెడ బిగుసుకుపోయాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. నా ఈడువాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కృష్ణా నీళ్లు వచ్చేదాకా ఆ హద్దు దాటిన బోర్లే మాకు దిక్కు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. పేరు మాదే గానీ, ఆ నీళ్లు మా వాడలో తాగిన గుర్తు నాకు లేదు.

అందుకే ఇక్కడ నా చేతికొచ్చిన ప్రాజెక్టు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేప మేతలో ఫ్లోరైడ్!

1990 ప్రాంతంలో నార్వే సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం చేప పిండి, చేప నూనెలే. ఇప్పుడవి నాలుగో వంతుకు పడిపోయాయి. మిగతాదంతా ఎక్కువగా సోయా, గోధుమ, రేప్‌సీడ్ (ఆవాల జాతి గింజ) నూనె లాంటివి. కొత్త సరుకు కలిపినప్పుడల్లా కొత్త తంటా. సోయా పిండి ఎక్కువైతే సాల్మన్ పేగు చివరి భాగం వాస్తుంది. పశువులకొచ్చే మ్యాడ్ కౌ జబ్బు భయంతో 1990లలో పశువుల రక్తపు పొడిని మేతలోంచి తీసేస్తే చేపల కళ్లకు శుక్లాలొచ్చాయి. అందులో దండిగా ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం తగ్గడమే కారణమని తర్వాత తేల్చారు. కంటి డాక్టర్లు వాడే పరికరంతో చేప కళ్లు పరీక్ష చేయడం నేను మొదటిసారి ఇక్కడే చూశాను.

క్రిల్ అనేది అంటార్కిటికా సముద్రంలో దొరికే చిన్న రొయ్యలాంటి జీవి. దాని పొడి కలిపితే సాల్మన్ మేతను ఇష్టంగా తింటుంది. చిక్కంతా పెంకుతోనే, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండేది అందులోనే. ఆ పొడి కిలోకు వెయ్యి మిల్లీగ్రాముల పైన ఫ్లోరైడ్ ఉండొచ్చు. యూరప్ రూలు ప్రకారం చేప మేతలో కిలోకు 350 దాటకూడదు. మా ఊరివాడెవడైనా ఆ అంకె చూస్తే మేత సంచి అక్కడే పడేసి ఉరుకుతాడు. అయితే 2004లో అచ్చయిన ఒక నార్వే పరిశోధనలో, ఇంచుమించు 350 ఉన్న మేత తిన్నా సముద్రపు నీటిలోని సాల్మన్ కండలో గానీ ఎముకలో గానీ ఫ్లోరైడ్ పేరుకోలేదు. నాకైతే ఆ పేపరు రెండోసారి చదివితే గానీ నమ్మబుద్ధి కాలేదు.

ఈ ముచ్చట ఫోన్‌లో చెప్తే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, “చాపలకు ఎక్స్‌రేలా బిడ్డా! మీ తాతకు ఒక్కటి తీపియ్యటానికి నల్లగొండ దాక బస్సుల కూసోవెట్టి తీస్కపోయిన.”

ఇక్కడ ప్రయోగంలో చేపను నొప్పించాలంటే ఎన్ని చేపలు, ఎందుకు, ఎలా అని రాసి ముందే అనుమతి తెచ్చుకోవాలి. అది మంచి పద్ధతే. కానీ ఆ ఫారం నింపేటప్పుడల్లా నాకు లోపల కొంచెం మండుతుంది. చేప మీద కాదు.

మా చిన్నాయిన కొడుకు పొలంలో కుంట తవ్వి బొచ్చె, రవ్వ పెంచుతున్నాడు. “అన్నా, గా క్రిల్ పొడి మనకు దొరుకదా?” అని ఒకటే పోరు. వద్దన్నాను. మంచినీటిలో పెంచిన ట్రౌట్ చేపలకు క్రిల్ పెడితే ఎముకల్లో ఫ్లోరైడ్ పెరిగింది. పైగా వాడి కుంటలో నిండేది బోరు నీళ్లే. బొచ్చెకు, రవ్వకు అసలు పొట్టసంచే ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. కడుపులో ఆమ్లం లేదు కాబట్టి చేప పిండిలో ఉన్న ఎముకల భాస్వరం కూడా వాటికి సరిగ్గా అందదు. తవుడులో భాస్వరం ఉన్నా అరగని రూపంలో ఉంటుంది. పల్లి చెక్క, తవుడు కలిపి పెట్టు, ఫిషరీస్ వాళ్లను అడిగి భాస్వరం కోసం తేలిగ్గా కరిగే ఖనిజ మిశ్రమం కొంచెం కలుపు, మబ్బు పట్టిన రోజు మేత తగ్గించు అని చెప్పాను.

“గంత దూరం పోయి గింత చదివి, ఆఖరికి తవుడే పెట్టమంటివా?” అన్నాడు.