చేను ప్లాటులో ఇల్లు: ముందు మెరక లెక్క

అమలాపురం, భీమవరం, పాలకొల్లు... ఏ ఊరి శివారు చూసినా కొత్త లేఅవుట్ అంటే నిన్నమొన్నటి వరిచేనే. రోడ్డుకి రెండు మూడడుగుల పల్లం. ఇంటి ప్లాను తర్వాత గీయించుకోవచ్చు, ముందు మెరక, అంటే మట్టి తోలి ప్లాటు ఎత్తు పెంచే సంగతి తేలాలి.

5 సెంట్లంటే 242 గజాలు, 2,178 చదరపు అడుగులు. 3 అడుగులు లేపాలంటే 6,534 ఘనపుటడుగుల మట్టి, అంటే 65 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). వదులుగా తోలిన మట్టి దిగుతుంది కాబట్టి 80కి తగ్గకుండా అనుకోండి. ట్రాక్టర్ల లెక్కన బేరమైతే తొట్టి పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలవండి. 9 అంగుళాలకో పొర పరిచి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ఒక వానాకాలం వదిలేస్తే మరీ మంచిది, కానీ అంత ఓపిక ఎవరికుంది!

రొయ్యల చెరువు మట్టి మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. అందులోని ఉప్పు చెమ్మతో పాటు ఇటుకలోకి ఎక్కి, గోడ ఆరగానే తెల్లగా పూస్తుంది. రంగు పొక్కుతుంది, గోరుతో గీకితే ప్లాస్టరు పిండిలా రాలుతుంది. ఈ మచ్చ నేల నుంచి రెండు మూడడుగుల లోపే ఆగిందా, చెమ్మ కింద నుంచి వస్తున్నట్టు. పై నుంచి చారలుగా దిగుతోందా, శ్లాబో పైపో చూసుకోవాలి. కింద నుంచి వచ్చేదానికి ఎన్ని కోట్లు రంగు కొట్టినా దండగే. బేస్‌మెంట్ (గోడల కింద, నేల మీద లేచే అరుగు) మట్టాన చెమ్మను ఆపే కాంక్రీటు పొర కట్టేటప్పుడే పడాలి.

మెరక ఎంత గట్టిపడినా పునాది దాని మీద నిలబెట్టకూడదు, అసలు నేలలోకి దిగాల్సిందే. మన నల్ల బంకమట్టి ఎండల్లో నెర్రెలిచ్చి, వానల్లో ఉబ్బుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగులు చాలాసార్లు దీని పనే. మట్టి పరీక్ష చేయించి, ఇంజనీరు చెబితే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుగా దించి అడుగున గుండ్రంగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు వేయండి. వాటి అడుగున ఉబ్బు సాధారణంగా కాండం వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. పైన వేసే బీము కింద 3 అంగుళాల ఖాళీ వదలాలి. మేస్త్రి ముచ్చటపడి దాన్ని మట్టితో పూడిస్తే, ఉబ్బిన మట్టి బీమునే పైకి తోస్తుంది.

బేస్‌మెంట్ ఎత్తు చేను నుంచి కాదు, రోడ్డు నడిమధ్య నుంచి కొలవాలి. సిమెంటు రోడ్డు మళ్లీ వేస్తే తరచూ పాతదాని మీదే పడుతుంది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన పాత మండువా ఇళ్లలోకి ఇప్పుడు రోడ్డు మీంచి దిగి వెళ్తున్నాం. 1986 గోదావరి వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో వీధిలో పెద్దవాళ్లని అడిగి, ఆ గుర్తుకు పైనే ఉండండి. పాత పంట బోదె (చేలో నీరు పారే చిన్న కాలువ) ఎటు పోయేదో కూడా అడగండి. దాన్ని పూడ్చేస్తే వీధి వాన నీరంతా మీ గేటు ముందే ఆగుతుంది.

ప్రహరీ మెరకకు ముందే కట్టి, ఐదారడుగులకో 2 అంగుళాల పైపుముక్క నీరు కారేలా పెట్టించండి. ఆ నీళ్లు పక్కవారి పల్లంలోకి కాకుండా మీ హద్దులోనే కాలువ తీయండి.

సెప్టిక్ ట్యాంకు, పంట కాలువలకు నీళ్లు ఆపేసిన ఏప్రిల్, మే నెలల్లో కట్టించండి, అప్పుడు ఊట తక్కువ. వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొచ్చాక ఖాళీ ట్యాంకు పడవతో సమానం, తేలి పైపులు విరుచుకుంటుంది. ప్లాస్టరు ఆరగానే నీళ్లతో నింపేయండి. తోడించే పని ఎండాకాలంలోనే పెట్టుకోండి, వానల్లో తప్పనిసరైతే సగం వరకే.