దొరికేవరకు

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన గొర్రెకీ, తప్పిపోయిన కుమారుడికీ మధ్య ఒక చిన్న ఉపమానం ఉంది. పది వెండి నాణేలున్న స్త్రీ ఒకటి పోగొట్టుకుని, దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, అది దొరికేవరకు వెతుకుతుంది. మూడే వచనాలు. చాలాసార్లు చదివి దాటిపోయాను.

నన్ను అక్కడ ఆపింది ఒక నలుపు తెలుపు బొమ్మ. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే ప్రభువు చెప్పిన ఉపమానాలకు గీసిన 20 బొమ్మల్లో అదొకటి. 1857లో ఒప్పుకున్నది 30 బొమ్మలకి. ఏళ్లు గడిచినా 20 దగ్గరే ఆగాడు, అంత శ్రద్ధగా గీసేవాడు. అచ్చు కోసం బొమ్మల్ని చెక్క దిమ్మల మీద చెక్కే డాల్జియెల్ సోదరులు వాటిని చెక్కారు, 1864లో పుస్తకంగా వచ్చాయి.

గదిలో చీకటి. ఆమె ఒక చేత్తో కొవ్వొత్తి, ఇంకో చేత్తో చీపురు పట్టుకుని వంగి ఉంది. మన చూపు ముందు మంట మీదికి వెళ్తుంది, తర్వాత ఆమె వంగిన తీరు వెంట నేలకి దిగుతుంది. సువార్తలో రాత్రి అని ఎక్కడా లేదు. ఆ కాలపు పల్లె ఇళ్లలో పగలు కూడా దీపం కావాల్సి వచ్చేదేమో. అయినా ఆ చీకటి నాకు సరిగ్గానే అనిపిస్తుంది.

ఈ బొమ్మ అచ్చయ్యే పద్ధతి తెలిశాక ఇంకా ఇష్టమైంది. గట్టి చెక్క దిమ్మని ఏమీ చెక్కకుండా సిరా పూసి అద్దితే కాగితమంతా నలుపే. ఉలితో చెక్కి తీసేసిన చోటే తెల్లగా మిగులుతుంది. అంటే ఆ కొవ్వొత్తి వెలుగు ఎవరో పూసింది కాదు, సన్నని ఉలితో గీత గీతగా చెక్కను తీసేస్తే వచ్చింది. ఆమె చీపురు చేసేదీ అదే పని కదా!

గొర్రె అరవగలదు. కుమారుడు బుద్ధి తెచ్చుకుని లేచి వస్తాడు. నాణేనికి తాను పోయానన్న సంగతే తెలీదు. నేను ప్రార్థన మానేసి, మానేశానన్న బాధ కూడా లేకుండా తిరిగిన రోజులు అలాంటివే. అప్పుడు నేను వెతకలేదు, ఆయనే వెతికాడు.

ఒకసారి అమ్మ చెవి దిద్దు శీల పడిపోయింది. లైట్లన్నీ వేసినా కనపడలేదు. అమ్మ లైట్లు ఆపించి, టార్చి నేలకి ఆనించి పట్టుకుంది. మంచం కోడు పక్కన ముందు కనపడింది శీల కాదు, దాని పొడవాటి నీడ.