కాలవలు కట్టేశాక మా ఇల్లు

మే నెల రెండో వారంలో ఓ పొద్దున్న మా పడగ్గది తలుపుకి గడియ పడలేదు. ముందురోజు రాత్రి పడింది. మా ఆయన తలుపు పైకెత్తి, భుజంతో నెట్టి, ఎండకి చెక్క ఉబ్బినట్టుంది అన్నారు, ఎండకి ఉబ్బడమేంటండీ వానకి కదా ఉబ్బేది అన్నాను, అప్పుడు ఇద్దరం ఒకేసారి తలెత్తి చూశాం. ద్వారబంధం మూల నుంచి కిటికీ దాకా ఇటుకల వరస పట్టుకుని మెట్లు మెట్లుగా దిగిన బీట. పైన వెడల్పు, కిందకొచ్చేసరికి సన్నం. పైన రూపాయి బిళ్ళ పెడితే జారకుండా నిలబడింది.

ఈ ఇల్లు పాలకొల్లు దగ్గర, కిందటి అక్టోబర్లో కొన్నాం. 5 సెంట్లు, రెండు బెడ్రూముల శ్లాబు ఇల్లు, పిల్లర్లు లేవు, గోడల మీదే కట్టింది. చూడ్డానికి వెళ్ళినప్పుడు చుట్టూ సార్వా (వానాకాలపు వరి) చేలు, పక్క బోదెలో, అదే పిల్లకాలవలో, నిండుగా నీళ్ళు, పెరట్లో గెల వేసిన అరటిచెట్టు, నిజం చెప్పాలంటే నేను ఇంటికంటే అరటిచెట్టునే ఎక్కువ చూశాను. గోడలకి కొత్త రంగు. కొత్త రంగంటే అనుమానపడాలని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే స్థితిలో లేను. కిటికీ కింద వెంట్రుకంత గీత ఒకటి కనిపిస్తే తాపీమేస్త్రికి చూపించాం, ఆయన గోటితో గీకి "ఆయ్, ఇది ప్లాస్టరింగు బీటండీ, పునాదికేం ఢోకా లేదండీ" అన్నాడు. ఆ మేస్త్రిని తీసుకొచ్చింది బ్రోకరే అన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు. ఆస్తి మీద అప్పులూ తాకట్లూ లేవని చూపించే ఈసీ తీయించాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించాం, కాగితాల్లో బీటల కోసం నెల్రోజులు వెతికాం, గోడలో ఉన్నదానికి మాత్రం లప్పం పెడితే సరిపోతుందనుకున్నాం.

మా ఆయన పిన్నిగారబ్బాయి సివిల్ ఇంజినీరు. ఆదివారం వచ్చాడు, వచ్చి గోడ వైపు చూడకుండా ఇంటిచుట్టూ తిరిగాడు. పక్క ఖాళీసైట్లో ఉన్న నిద్రగన్నేరు చెట్టు చూశాడు, బాత్రూం వెనక పైపు కింద ఎప్పుడూ తడిగా ఉండే చోటు చూశాడు, ఆ తర్వాత మూల దగ్గర గొయ్యి తవ్వించాడు. పై రెండడుగులూ ఎర్రమట్టి, చేను మెరక చేసినప్పుడు తోలింది. దాని కింద నల్ల బంకమట్టి, నిలువునా నెర్రెలిచ్చి ఉంది, నా నాలుగు వేళ్ళూ దూరిపోయాయి. చెంబుడు నీళ్ళు పోస్తే ఎక్కడికెళ్ళాయో కూడా తెలీలేదు. పునాది మూడున్నర అడుగులకే అయిపోయింది, అంటే అసలు నేలలోకి దిగింది అడుగున్నరే.

ఈ మట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, అది చేలగట్ల మీద పెరిగిన ఎవరికైనా తెలిసిందే, కానీ చేను వేరు ఇల్లు వేరు అనుకుంటాం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన నేలకి ఏడాదిలో ఎక్కువ రోజులు తడే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలవలకి నీళ్ళు కట్టేస్తారు, బోదెలు ఎండిపోతాయి, ఎండలు మండిపోతాయి, అప్పుడు నేల లాక్కుంటుంది. అన్నివైపులా సమానంగా లాక్కుంటే ఇల్లంతా కలిసి దిగేది, మాకు బాత్రూం మూల తడి, చెట్టు మూల పొడి, కాబట్టి చెట్టు మూల కిందకి దిగింది. "అక్టోబర్లో చూశారంటే పెళ్ళిచూపుల్లో పట్టుచీర చూసినట్టు వదినా, మేలో చూడాలండీ ఇల్లు" అన్నాడు. చెట్టు కొట్టించేద్దామా అంటే వద్దన్నాడు, ఒక్కసారిగా కొట్టేస్తే అది తాగే నీళ్ళు మట్టిలోనే ఉండిపోయి నేల ఉబ్బి ఇంకో రకంగా లేపుతుందట. అయినా ఆ సైటు మాది కాదు.

వానలు పడేదాకా బీటలు పూడ్చొద్దు, పాత లప్పం గీకేసి ఎంత దూరం ఉందో చూడండి అన్నాడు. గీకాం. రెండు పొరలు ఊడాక బీటకి అడ్డంగా పెన్సిల్ గీతలు, పక్కన తేదీలు. 12-5-17. 3-6-17. 20-5-18. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరో మా కంటే ముందే ఈ గోడని రెండు వేసవులు కనిపెట్టుకుని కూర్చున్నారు.

ఇల్లు మాకమ్మినాయనకి ఫోన్ చేశాను. ఏం తడబడలేదు, "వేసవిలో అలాగే ఉంటుందమ్మా, నీళ్ళొదిలితే సర్దుకుంటుంది" అన్నారు. మరి అమ్మే ముందు రంగెందుకు వేయించారండీ అంటే "దసరాకి వేయించాం" అన్నారు. ఇంకేం అడుగుతాం.

బాత్రూం పైపు మార్పించాం. ఇంటిచుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలు పెట్టి సిమెంటు చపటా వేయించాం, శ్లాబు నీళ్ళు గోడవార పడకుండా పైపులు పెట్టించాం, మొత్తం 1.2 లక్షలైంది. చపటా వేస్తుంటే మా అమ్మమ్మగారి మండువా ఇంటి అరుగులు గుర్తొచ్చాయి. కబుర్లకీ పిల్లలు ఆడుకోడానికీ అనుకునేదాన్ని, అవి పునాది పక్క మట్టికి ఎండా వానా తగలకుండా కూడా కాపాడేవన్నమాట. కొత్తగా కట్టుకునేవాళ్ళయితే అండర్ రీమ్డ్ పైల్స్ అడగండి, అంటే పునాది కింద నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు, రూర్కీలో ఇళ్ళ కట్టుబడి మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీబీఆర్ఐ వాళ్ళు ఇలాంటి మట్టి కోసమే తయారుచేసిన పద్ధతి, సన్నటి పైలు కింద రెండున్నర రెట్ల వెడల్పున ఉల్లిపాయలా ఉబ్బుతుంది, తడీపొడీ మారని లోతుకి, సుమారు మూడున్నర మీటర్లకి దింపుతారు. కట్టేసిన ఇంటి కింద పెట్టించడం మా వల్ల అయ్యే పని కాదు.

జూన్లో నీళ్ళొదిలారు. బీట సన్నబడ్డాక దానికి అడ్డంగా చిన్న గాజుపలక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి పెట్టాం, గోడ కదిలితే అది పగులుతుంది, ఇంకా పగల్లేదు. రూపాయి బిళ్ళ ఇప్పుడు దూరట్లేదు, పోస్టుకార్డు దూరుతోంది. నిన్న మా పిల్లాడి పెన్సిల్ తీసుకుని ఆ పాత తేదీల కింద గీత గీసి మా తేదీ వేశాను, రాత కొంచెం వంకర వచ్చింది. తలుపు గడియ పడుతోంది.