పిట్టగోడ మీద పళ్ళు

ఆదివారం. ఎండ మామూలే.

బందరు రోడ్డులో ఓ ఫంక్షన్ హాలుకు కోట ముఖద్వారం లేస్తోంది. పిట్టగోడ మీద పంటి వరసలా దిమ్మెలు, వాటి మధ్య సందులు పెట్టారు. దిమ్మె ఎంత వెడల్పో, సందూ అంతే. పెళ్ళి ఫొటోలకు చాలు. యుద్ధానికైతే సగంమంది పోతారు.

అసలు కోటలో సందు ఇరుకు, దిమ్మె వెడల్పు. యూరప్ కోటల్లో దిమ్మె తరచుగా సందుకు మూడింతలుంటుంది. విలుకాడు దిమ్మె చాటునే ఉండి, బాణం వదిలేటప్పుడే సందులోకి వస్తాడు. అందుకని దిమ్మె మనిషిని పూర్తిగా కప్పాలి, సందు అడుగు ఛాతీకి దిగువనే ఆగాలి. కొన్నిచోట్ల సందుకు పైనుంచి చెక్క తలుపు వేలాడదీసేవారు. తోసి కొట్టడం, వదిలేస్తే అదే మూసుకోవడం. దిమ్మెలోనే చీలిక పెడితే ఇంకా మేలు: బయట సన్నగా, లోపల విచ్చుకుని ఉంటుంది కాబట్టి అటూ ఇటూ గురి తిప్పుకోవచ్చు. తుపాకులు వచ్చాక మన కోటల్లో ఈ రంధ్రాలను కిందికి వాలుగా పెట్టారు, గోడ మొదట్లో నక్కినవాడు కూడా దొరకాలని. ఫిరంగులతో కథ మారింది. గుండు తగిలితే సన్నటి దిమ్మె పగిలి, ఆ రాతి పెచ్చులే లోపలివాళ్ళను చంపుతాయి.

కొండపల్లి, కొండవీడు లాంటి 14వ శతాబ్దపు రెడ్డిరాజుల కోటలైనా, మరే పాత కోటైనా వాన ముందు పట్టేది గోడ నెత్తినే. దిమ్మెకు నాలుగు పక్కలూ, నెత్తీ బయటే. పైన వాటం లేకపోతే నీళ్ళు నిలిచి, సున్నం కరిగి, ఆ పగుల్లో రావి మొలుస్తుంది. ముదిరిన వేరును లాగకూడదు, రాళ్ళతో సహా వస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చాక కొద్దికొద్దిగా తీసి, పగుళ్ళు నింపాలి.

నింపేది సిమెంటు మాత్రం కాదు. అది తేమను లోపలే బంధిస్తుంది. ఆ తేమ, ఉప్పు పక్కనున్న మెత్తటి ఇటుకను పెచ్చులూడగొడతాయి. గానుగ సున్నం, ఇసుక, కాస్త ఇటుక పొడి చాలు. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలపడం పాత మేస్త్రీల అలవాటు. తడి గోనెలు కప్పి రోజుల తరబడి తడుపుతూనే ఉండాలి. మన మే ఎండల్లో మొదలెడితే సున్నం గట్టిపడకముందే ఆరి, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. వానలు వెనకబట్టాక పెట్టుకోవాల్సిన పని ఇది.