కోడంబాక్కంలో చదివించుకున్న పుస్తకం

సంక్రాంతికి ముందు రెండు రోజులు ఖాళీ చేసుకుని మద్రాసు వెళ్ళాను. పేరు మారి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో అది ఇంకా మద్రాసే. రాస్తున్న నవల ఆరు నెలలుగా ఒకేచోట ఆగి ఉంది. ఊరొదిలి దక్షిణానికి వలసపోయిన కుటుంబం కథ అది. వాళ్ళు బండి కట్టేదాకా బాగానే రాశాను. అక్కడ పుట్టిన పిల్లల పిల్లలు ఎలాంటి తెలుగు మాట్లాడతారో తెలియక కలం సాగలేదు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కొడవటిగంటి కుటుంబరావు నవల 'చదువు' తీశాను. ఇది మూడోసారి. ఇరవై ఏళ్ళ వయసులో సుందరం ఏమవుతాడా అని చదివాను. ఈసారి ఇంట్లో వాళ్ళ మాటల కోసం చదివాను. ఉద్యమాలూ ధరలూ ఉద్యోగాలూ అన్నీ ఆ ఇంటి మాటల్లోంచే తెలుస్తాయి, ఎక్కడా రచయిత గొంతు పెంచడు. గూడూరు దాటేసరికి పుస్తకం మూసి, నా మూడో అధ్యాయంలో నేను గొంతు పెంచిన చోట్లన్నీ గుర్తుపెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళాను. 1896లో తెరిచింది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి ఇక్కడికి పంపాలి. అంటే మన పుస్తకాలూ అన్నమాట. ఆ సంగతి తల్చుకుంటేనే రచయితకి ధైర్యం వస్తుంది. నందనంలో పుస్తకాల సంతలో మాత్రం జనం తోపులాటలో గంటకి మించి ఉండలేకపోయాను. కావలసిన తమిళ పుస్తకం ఒకటి కొని బయటపడ్డాను. కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం', 1976 నాటి నవల.

రాత్రి బస కోడంబాక్కంలో స్నేహితురాలి ఇంట్లో. వాళ్ళది దక్షిణ తమిళనాడులో కోవిల్‌పట్టి వైపు. ఎన్నో తరాల కింద వెళ్ళిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాయడం తమిళం. వాళ్ళమ్మకి డెబ్బై దాటాయి. పుస్తకం చూపించగానే కళ్ళజోడు తెచ్చుకుంది. దాని ఒక కాడ విరిగితే నల్లదారంతో కట్టుకుంది.

"ఇది మా పక్క కథే కదమ్మా! కుచ్చో, చదివి చెప్తా."

తమిళ అక్షరాల కింద వేలు జరుపుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. రాజు కన్నుపడిన చెన్నాదేవిని కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి తెలుగునేల విడిచినవాళ్ళు, అడవి నరికి ఊరు కట్టుకోవడం, నూరేళ్ళు దాటిన మంగతాయారు అవ్వ ఆ సంగతులన్నీ చెప్పడం. కొన్నిచోట్ల వేలు ఆగిపోయేది. "ఈ మాట మా అవ్వ అంటా ఉండె" అని పుస్తకం పక్కన పెట్టి అవ్వ గురించి చెప్పేది. పదకొండయినా ఎవరం లేవలేదు. నాకు కావలసిన మూడో తరం తెలుగు ఆ వేలి వెంటే వచ్చింది. నోట్‌బుక్కులో తొమ్మిది పేజీలు నింపాను.

ఇక చదవాల్సినవి తేలిపోయాయి. దీని తర్వాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్', 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. రాజనారాయణనే కూర్చిన కరిసల్ ప్రాంతపు మాటల నిఘంటువు కూడా. కరిసల్ అంటే నల్లరేగడి నేల. బడిచదువు పెద్దగా లేని మనిషి తన నేల మాటలన్నీ ఏరి నిఘంటువు చేశాడంటే, నవల రాసేవాళ్ళకి అంతకంటే పెద్ద పాఠం నాకు కనబడలేదు. వాటికోసం తమిళ అక్షరాలు నేర్చుకోవాలి. మర్నాడు స్టేషనుకి వెళ్తూ పిల్లల అరిచువడి, అంటే తమిళ అక్షరాల పుస్తకం, ఒకటి కొన్నాను.

బయల్దేరుతుంటే అమ్మ పులిహోర పొట్లం చేతిలో పెట్టింది.

"నీ కథ ముగిసినాక పుస్తకం పంపొద్దు. నాకు తెలుగు చదవను రాదు. నువ్వే వచ్చి చదివి చెప్పాల."